వీలునామా చూపిస్తే చాలదు, రుజువు కావాలి: ఆస్తి తగాదాలపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: నాన్నగారు పోయిన నెలకే అన్నయ్య ఒక రిజిస్టర్డ్ వీలునామా చూపించి, ఇల్లు, మూడెకరాలు తనకే రాశారంటున్నాడు. నాన్నగారు ఎప్పుడూ సంతకమే చేసేవారు, దాని మీద మాత్రం వేలిముద్ర ఉంది. ఈసీ (ఆస్తిపై రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం) తీయిస్తే వీలునామా ఊసే లేదు. ఇది దొంగదేనా? నేనేం చేయాలి?

జవాబు: ఈసీలో లేదు కాబట్టి దొంగదనుకోకండి. ఇళ్లు, పొలాల లావాదేవీలు రిజిస్ట్రార్ ఆఫీసులో ఒకటో పుస్తకంలోకి ఎక్కుతాయి, ఈసీ అందులోంచే వస్తుంది. వీలునామాలు మూడో పుస్తకంలో ఉంటాయి. రాసినవారు బతికుండగా నకలు వారికో, వారి ఏజెంటుకో తప్ప ఇవ్వరు. పోయాక ఎవరు దరఖాస్తు పెట్టుకున్నా ఇస్తారు. మరణ ధ్రువపత్రం తీసుకెళ్లి ముందు సర్టిఫైడ్ కాపీ తెచ్చుకోండి. జిరాక్సు చూసి నిర్ణయానికి రావద్దు.

కాపీ చేతికొచ్చాక చివరి పేజీ చూడండి. కేసు నిలిచేదీ పడిపోయేదీ అక్కడే. భారత వారసత్వ చట్టం 1925, సెక్షన్ 63 ప్రకారం కనీసం ఇద్దరు సాక్షులు ఉండాలి. రాసినవారు సంతకమో వేలిముద్రో వేస్తుండగా వారిలో ప్రతి ఒక్కరూ చూసి ఉండాలి, లేదా ‘ఇది నేను వేసిందే’ అని రాసినవారి నోట విని ఉండాలి. ఆపైన ఆయన ఎదుటే తాము సంతకం చేయాలి. ఇద్దరూ ఒకేసారి అక్కడ ఉండాలని మాత్రం లేదు. రిజిస్ట్రార్ ముందు ‘ఈయన ఫలానా’ అని చెప్పే గుర్తింపు సాక్షులు వేరు. ఆ సంతకం చేసినంత మాత్రాన వాళ్లు వీలునామా సాక్షులు కారు. ఈ తేడా పట్టించుకోక ఓడిపోయేవాళ్లు చాలామంది.

వీలునామా నిజమని రుజువు చేయాల్సిన బాధ్యత మీ అన్నయ్యదే. రిజిస్టరైనా సరే, సాక్షుల్లో బతికున్న ఒక్కరినైనా బోనెక్కించాలి. ఆ ఒక్కరూ తన సంతకం సంగతే కాదు, రెండో సాక్షి చేసిన సంగతీ చెప్పగలగాలి. క్రాస్‌లో, అంటే అవతలి లాయరు ప్రశ్నించేటప్పుడు, ‘నేను వెళ్లేసరికే వేలిముద్ర పడి ఉంది’ అని సాక్షి అన్నాడంటే, వెంటనే వచ్చే ప్రశ్న: ‘మరి అది తనదేనని ఆయన మీతో అన్నారా?’ సాక్షి ‘లేదు’ అంటే వీలునామా అక్కడే కూలుతుంది.

వేలిముద్ర అనుమానం కలిగించేదే, కానీ దానంతటది తీర్పు కాదు. పక్షవాతమో, చేయి వణుకో ఉంటే వేలిముద్ర వేయడం సహజం. అయితే ఆ కారణం అవతలివాళ్లు చెప్పి తీరాలి. లాభం పొందేవాడే దగ్గరుండి రాయించడం, ఆసుపత్రిలో ఉన్న రోజుల తేదీ, కూతురికి ఎందుకివ్వలేదో ఒక్క ముక్కా లేకపోవడం వంటి అనుమానాలను వీలునామా చూపినవారే తొలగించాలని సుప్రీంకోర్టు వెంకటాచల అయ్యంగార్ కేసు నుంచీ చెబుతూనే ఉంది. మోసం, బలవంతం అంటే మాత్రం రుజువు భారం మీ మీద పడుతుంది. అందుకే కోర్టులో మీరు దాఖలు చేసే కాగితాల్లో ‘ఫోర్జరీ’ అనీ ‘బెదిరించి వేయించారు’ అనీ రెండూ రాయించకండి. ఒకటి ఇంకోదాన్ని చంపేస్తుంది.

వేలిముద్రను రిజిస్ట్రార్ ఆఫీసులోని వేలిముద్రల రిజిస్టర్‌తో పోల్చమని కోర్టును కోరవచ్చు. ఆసుపత్రి కేస్ షీట్లను కోర్టు ద్వారా తెప్పించండి. నాన్నగారు ఆ రోజుల్లో సంతకం పెట్టగలిగేవారని చూపడానికి అదే ఏడాది బ్యాంకు చెక్కులు, పింఛను కాగితాలు పనికొస్తాయి. పదేళ్ల కిందటివి తెస్తే బలం ఉండదు.

దావా వేసేది పార్టిషన్‌కు, అంటే ఆస్తి పంపకానికి. దాంతోపాటే ఆస్తి అమ్మకుండా ఇంజంక్షన్ పిటిషన్ వేయండి. మ్యుటేషన్‌కు (రెవెన్యూ రికార్డుల్లో పేరు మార్పుకు) తహసీల్దారు దగ్గర రాతపూర్వకంగా అభ్యంతరం పెట్టండి. మ్యుటేషన్ హక్కు ఇవ్వదు, కానీ కొనేవాడు దాన్నే చూస్తాడు. ఇక ఒక మాట: ఆస్తి నాన్నగారి స్వార్జితమై, వీలునామా నిలబడితే మీకు వాటా రాదు. ఉమ్మడి కుటుంబ ఆస్తి అయితే ఆయన తన వాటా వరకే రాయగలరు. ఆయనకు ఆస్తి ఎలా వచ్చిందో చెప్పే పాత దస్తావేజులు వెతకడం ఇవాళే మొదలుపెట్టండి.

ప్రశ్న: బ్యాంకు డిపాజిట్‌కు మా చెల్లి నామినీ. మొత్తం తనదేనంటోంది.

జవాబు: కాదు. నామినీ చేతికి బ్యాంకు డబ్బిస్తే బ్యాంకు బాధ్యత తీరుతుంది, వారసుల హక్కు తీరదు. కంపెనీ షేర్ల విషయంలోనూ 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. జీవిత బీమాలో మాత్రం 2015 సవరణ తర్వాత భార్య, భర్త, పిల్లలు, తల్లిదండ్రులు నామినీ అయితే లెక్క వేరు.

ప్రశ్న: తాతగారు మనవల కోసం ట్రస్టు పెట్టి బాబాయిని ట్రస్టీ చేశారు. ఆయన లెక్కలు చూపరు, ట్రస్టు షాపును సొంత కొడుక్కి నామమాత్రపు అద్దెకిచ్చారు.

జవాబు: ట్రస్టు దస్తావేజు చదవండి. లబ్ధి పేర్లున్న కుటుంబసభ్యులకైతే అది ప్రైవేటు ట్రస్టు, దానికి 1882 నాటి ట్రస్టుల చట్టం వర్తిస్తుంది. లెక్కలు రాసి, అడిగినప్పుడు చూపడం ట్రస్టీ విధి. ట్రస్టు ఆస్తితో తనవాళ్లకు లాభం చేకూరిస్తే ఆ నష్టం ఆయన భరించాలి. ఏ ఏడాది అద్దె, ఏ ఖాతా, ఏ ఖర్చు అని విడివిడిగా అడుగుతూ రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి. ‘లెక్కలు చూపండి’ అని ఒక్క ముక్కలో రాస్తే ఒక్క ముక్కలోనే జవాబొస్తుంది. స్పందన లేకుంటే లెక్కల కోసం, ట్రస్టీని మార్చడం కోసం సివిల్ కోర్టుకు వెళ్లాలి. నిర్దిష్ట ప్రయోజనానికి ఆస్తి అప్పగించిన ట్రస్టీపై లెక్కల దావాకు లిమిటేషన్ చట్టం సెక్షన్ 10 కింద కాలపరిమితి అడ్డురాదు. అదే జనం మేలుకోసం పెట్టిన ట్రస్టయితే దారి వేరు: కనీసం ఇద్దరు ఆసక్తిపరులు, కోర్టు అనుమతితో, సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 92 కింద దావా వేయాలి.

ప్రశ్న: వీలునామా రాయాలనుకుంటున్నాను. సాక్షులుగా ఎవరిని పెట్టాలి?

జవాబు: మీకన్నా చిన్నవాళ్లను, ఊళ్లో ఉండేవాళ్లను, ఆస్తిలో పైసా రానివాళ్లను. ఒకరు వైద్యులైతే మరీ మంచిది. సాక్షులిద్దరూ దొరకని స్థితి వస్తే, ఒక సాక్షి చేతిరాతనూ మీ సంతకాన్నీ గుర్తుపట్టేవాళ్లతో రుజువు చేయాల్సి వస్తుంది. అందుకని సాక్షుల పూర్తి పేరు, తండ్రి పేరు, చిరునామా కింద రాయించండి. వీలునామాకు స్టాంపు డ్యూటీ లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు.