సుద్దముక్క వాడి చేతిలోనే ఉండనీ

చి. బుజ్జికి, మామయ్య ఆశీస్సులు.

డీఎస్సీలో లెక్కల టీచరుగా ఎంపికయ్యావనీ, పాడేరు వైపు హైస్కూల్లో ఆరో తరగతి నీకే ఇచ్చారనీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఎంత సంతోషమో! ఆ వెంటే బెంగా పట్టుకుంది. నీకు లెక్కలు రావని కాదే తల్లీ, ఎవరైనా ఇబ్బంది పడుతుంటే నువ్వు చూడలేవు. తరగతిలో ఆ జాలే పిల్లలకి అడ్డం పడుతుంది.

వారంలోగా అందరి పేర్లూ నేర్చుకో. ‘మొద్దు’ అన్న మాట నోట రానీయకు. గళ్ల నోటుపుస్తకాలు తెప్పించు, అంకెలు వరస తప్పవు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నేను గట్టిగా చెప్పేది ఒక్కటి. పిల్లాడు బోర్డు దగ్గర ఆగిపోతే వాడి చేతిలోంచి సుద్దముక్క తీసుకోకు.

612ని 6తో భాగించమను. చాలామంది 12 వేస్తారు. ఆరులో ఆరు ఒకసారి, పైన 1. పక్కనున్న 1 దింపుతారు. ఒకటిలో ఆరు పోదు కదా అని 2 కూడా దింపేసి, పన్నెండులో ఆరు రెండుసార్లు అంటారు. పదుల చోట వేయాల్సిన సున్నా ఎగిరిపోతుంది. కొత్త టీచర్లు అక్కడ ఆగలేరు. ‘సున్నా మర్చిపోయావురా’ అని చెరిపి 102 రాసేస్తారు. వాడు తలూపి వెళ్లి కూర్చుంటాడు. తప్పు పట్టుకోవడం టీచరు పని అనీ, తన వల్ల అయ్యేది కాదనీ వాడికి ఆ నిమిషంలోనే అర్థమైపోతుంది. మర్నాడు 840ని 4తో ఇస్తే 21 వేసి నీ మొహంకేసి చూస్తాడు, లెక్కకేసి చూడడు. ఏడాదంతా ఇలా గడిస్తే ‘నాకు లెక్కలు రావు’ అనే పిల్లాడు తయారవుతాడు. తొమ్మిదికొచ్చేసరికి గైడు చూసి దించుకుంటూ, బళ్లో ఉన్నా లేనట్టే ఉంటాడు. నా భయమంతా ఆ నోరెత్తని పిల్లాడి గురించే. అల్లరి చేసేవాణ్ణి ఎలాగూ గమనిస్తావు.

అందుకని 12 వేసినప్పుడు తప్పని చెప్పకు. ‘పన్నెండార్లు ఎంతరా?’ అని అడిగి ఊరుకో. 72 వస్తుంది. పైన 612 ఉంది. వాడి కళ్లు రెండింటి మధ్యా తిరుగుతాయి, అప్పుడు నోరు మూసుకుని నిలబడటమే నీ పని. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకనే ఆగుతున్నారని గమనించింది. మూడు సెకన్లు ఆగితే పిల్లలు పొడుగ్గా జవాబులు చెప్పారు, మాట్లాడనివాళ్లూ మాట్లాడారు. మనసులో ఐదు లెక్కపెట్టుకో. అప్పటికీ కదలకపోతే ‘ఆరు వందల్లో ఆరు ఎన్నిసార్లు?’ అను. వందసార్లన్నాక జవాబు 12 ఎలా అవుతుందో వాడే ఆలోచిస్తాడు. ఇంకా రాకపోతే 515ని 5తో చేసి చూపించి, 612 వాడికే వదిలెయ్యి.

అలాగని గంటసేపు వదిలేయమని కాదు. పెన్సిలు కదులుతుంటే, తప్పయినా సరే, జోలికెళ్లకు. పెన్సిలు ఆగి మంచినీళ్లకి వెళ్తానంటే, చెక్కిన పెన్సిలే మళ్లీ చెక్కుతుంటే వాడు దారి తప్పాడన్నమాట, రెండు నిమిషాల్లో పక్కన కూర్చో. చాలాసార్లు ఆగేది ఎక్కం రాకే. ఏడో ఎక్కం పేజీ పక్కన రాసుకోనిచ్చి, తర్వాత భాగహారం చేయమను. ఎక్కాలు వేరే పూట వల్లె వేయించు. రెండు బరువులూ ఒకేసారి ఎత్తించకు. మాటల లెక్క దగ్గర ఆగితే ముందు భాష చూడు. అక్కడ కొందరికి ఇంట్లో మాట కువి, కొందరికి ఆదివాసీ ఒడియా. ‘పంచగా మిగిలినవి’ అన్నది అర్థం కాని పిల్లకి భాగహారం రాదనుకుంటే అన్యాయం.

మెచ్చుకునేటప్పుడూ జాగ్రత్త. 1998లో క్లాడియా మ్యూలర్, కరోల్ డ్వెక్ ప్రచురించిన ప్రయోగాల్లో, ‘మీరు తెలివైనవాళ్లు’ అని పొగిడించుకున్న ఐదో తరగతి పిల్లలు కష్టమైనవి తగిలాక త్వరగా నీరుగారిపోయారు. పడ్డ శ్రమకి మెప్పు పొందినవాళ్లు నిలదొక్కుకున్నారు. అయితే తప్పుడు పద్ధతిలో పది లెక్కలు చేసినవాణ్ణి ‘బాగా కష్టపడ్డావు’ అంటే అదీ మోసమే. ‘గుణించి సరిచూసుకున్నావు, అందుకే తప్పు దొరికింది’ అని చేసిన పని పేరు పెట్టి చెప్పు. నోటుబుక్కులో ఎర్ర ఇంటూ కొట్టకు. సరైన మెట్లకి టిక్కులు పెట్టి, తప్పిన వరస పక్కన ఒక చుక్క పెట్టు. మిగతాది వాడు వెతుక్కుంటాడు.

ఇంటిపనికి పది లెక్కలిస్తే ఆరు వచ్చినవి, మూడు కొంచెం కొత్తవి, ఒకటి గట్టిది ఉండాలి. గట్టిది చివర పెట్టకు, ఓడిపోయి పుస్తకం మూస్తారు. నేర్పినదాన్ని రెండ్రోజులకీ, మళ్లీ వారానికీ అడుగు.

మొదటి వారం పాఠం ఎత్తుకోకుండా ఈ ఐదూ ఇచ్చి చూడు: 84÷4, 96÷7, 612÷6, 840÷4, 2035÷5. మొదటిది పద్ధతి తెలుసో లేదో చెబుతుంది. రెండోది శేషం, మూడోది మధ్య సున్నా, నాలుగోది చివరి సున్నా చూపిస్తాయి. ఐదోదాంట్లో మొదటి అంకె చాలక రెండు అంకెలు తీసుకోవాలి, మధ్యలో సున్నా కూడా ఉంది. మార్కులు వేయకు. ఎవరు ఏ మెట్టు దగ్గర ఆగారో రాసుకుని, ఆ కాగితాలు ఫొటో తీసి నాకు పంపు, ఇద్దరం కూర్చుని చూద్దాం. అక్కడ చలి ఎక్కువ, స్వెట్టరు మర్చిపోకు.

మీ మామయ్య