చెవి కింద గడ్డ ప్లియోమార్ఫిక్ అడినోమా అన్నారు, గడ్డ ఒక్కటే తీయించుకుంటే సరిపోదా?

చెవి తమ్మె కింద నొప్పి లేని గడ్డ, సూది పరీక్షలో ప్లియోమార్ఫిక్ అడినోమా, అంటే లాలాజల గ్రంథిలో వచ్చే, క్యాన్సర్ కాని గడ్డ. ఒక డాక్టరు గడ్డ వరకే తీద్దామంటే, ఇంకొకరు పెరోటిడ్ గ్రంథి (చెవి ముందు, కింద ఉండే లాలాజల గ్రంథి) పైభాగం, అంటే చర్మం వైపు భాగం, తీయాలన్నారు. మూతి వంకర పోతుందేమోనని మీ భయం.

గడ్డను పొర అంచునే ఒలిచి తీసే పద్ధతికి మాత్రం ఒప్పుకోకండి. ఈ గడ్డ పొరను నమ్మలేం: కొన్నిచోట్ల బాగా పలచగా ఉంటుంది, కొన్నిచోట్ల అసలుండదు. గడ్డ కణాలు దాన్ని దాటి మొటిమల్లా పొడుచుకొచ్చి ఉంటాయి. ఒలిస్తే అవి అక్కడే మిగిలిపోతాయి. పొర చిట్లితే లోపలి జిగురు పదార్థం గాయంలో పడుతుంది. ఏళ్ల తర్వాత ఒక్క గడ్డ స్థానంలో చిన్నచిన్నవి చాలా తేలతాయి. అప్పుడు పాత మచ్చలో ముఖ నరాన్ని (ఈ గ్రంథి గుండా వెళ్తూ ముఖ కండరాలను కదిలించే నరం) వెతకాలి, దానికి దెబ్బ తగిలే ముప్పు మొదటిసారి కన్నా ఎక్కువ.

మామూలుగా చేసేది సూపర్‌ఫిషియల్ పెరోటిడెక్టమీ. ఇందులో ముందు నరం, ఆ తర్వాతే గడ్డ. చెవి ముందరి మృదులాస్థి మొన నుంచి సుమారు సెంటీమీటరు కిందికి, లోపలికి నరం మొదలు దొరుకుతుంది. డైగాస్ట్రిక్ కండరం వెనక భాగం రెండో గుర్తు. అక్కడి నుంచి కొమ్మలను ఒక్కొక్కటిగా విడదీస్తూ పైభాగాన్ని గడ్డతో సహా తీస్తారు. నర్వ్ మానిటర్ (నరాన్ని తాకితే ముఖ కండరాల కదలికను పసిగట్టి చెప్పే పరికరం) వాడుతుంటే, కండరాలను సడలించే మందు ప్రభావం అప్పటికి పోయి ఉండాలి, లేకపోతే అది పలకదు.

గడ్డ చిన్నది, పైపైన ఉన్నది, వేలితో కదిలేది అయితే చుట్టూ కొంత మంచి కణజాలంతో కలిపి తీసే ఎక్స్‌ట్రాక్యాప్సులర్ డిసెక్షన్ కూడా సరైనదే. బహుశా మొదటి డాక్టరు దీన్నే అన్నారేమో, అడిగి తేల్చుకోండి.

సూది పరీక్షే తుది మాట కాదు. అడినాయిడ్ సిస్టిక్ కార్సినోమా అనే లాలాజల గ్రంథి క్యాన్సర్ కొన్నిసార్లు ఇలాగే కనిపిస్తుంది. నొప్పి, వేగంగా పెరగడం, చర్మానికి అతుక్కోవడం, మెడలో లింఫు గ్రంథులు ఉబ్బడం, అన్నిటికన్నా ముఖ్యంగా ముఖం ఒకవైపు బలహీనపడటం: వీటిలో ఏది ఉన్నా రిపోర్టు ఎలా ఉన్నా క్యాన్సర్‌ని అనుమానించాలి. గడ్డ లోతుగా ఉన్నట్టనిపిస్తే ఎమ్మారై తప్పనిసరి. బయటి నుంచి కోసి ముక్క తీసే బయాప్సీ మాత్రం వద్దు, కణాలు చెదురుతాయి.

ఆపరేషన్ తర్వాత డ్రెయిన్ (గాయంలో చేరే ద్రవాన్ని బయటికి తీసే గొట్టం) సాధారణంగా ఒకటి రెండు రోజులు ఉంటుంది. చెవి తమ్మె మొద్దుబారడం చాలామందిలో కనిపిస్తుంది. నరం తెగకపోయినా, లాగినందుకే పెదవి మూల గానీ కనురెప్ప గానీ కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు బలహీనంగా ఉండొచ్చు. కన్ను సరిగ్గా మూతపడకపోతే పగలు చుక్కలు, రాత్రి ఆయింట్‌మెంటు వేసి రెప్పకు టేపు. గాయం కింద లాలాజలం నిండి ఉబ్బితే సూదితో తీసి కట్టు బిగిస్తారు, అది సాధారణంగా తగ్గిపోతుంది. నెలల తర్వాత తినేటప్పుడు ఆ చెంప మీద చెమట పడితే ఫ్రే సిండ్రోమ్. ఇబ్బంది పెడితే బొటాక్స్ ఇంజెక్షన్‌తో అదుపులో ఉంటుంది.