ఉబుంటు వేశాక వైఫై కనిపించడం లేదు, ఏం చేయాలి?

టెన్షన్ పడకండి, కార్డు పోయి ఉండదు, ఎక్కువసార్లు లేనిది డ్రైవరే, అంటే కార్డును నడిపే సాఫ్ట్‌వేర్. ముందు టెర్మినల్‌లో, అంటే కమాండ్లు టైప్ చేసే విండోలో, ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్ (rfkill list) అని కొట్టండి, వైఫై కింద హార్డ్ బ్లాక్డ్ దగ్గర యెస్ ఉంటే ఎక్కువగా ల్యాప్‌టాప్ మీది వైఫై మీట ఆఫ్‌లో ఉన్నట్టే. నో అయితే ఎల్ఎస్‌పీసీఐ (lspci) కొట్టి నెట్‌వర్క్ చిప్ ఏ కంపెనీదో చూడండి. బ్రాడ్‌కామ్‌దైతే చాలా మోడళ్లకు డ్రైవర్ విడిగా వేసుకోవాలి. దానికేమో నెట్ కావాలి, నెట్‌కేమో డ్రైవర్ కావాలి, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదన్నట్టు! అందుకే ఫోన్‌ని కేబుల్‌తో కలిపి ఫోన్ నెట్‌ని ల్యాప్‌టాప్‌కి ఇచ్చే యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేసి, ఉబుంటులోని అడిషనల్ డ్రైవర్స్ యాప్ తెరిచి డ్రైవర్ వేసుకోండి. సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే లోడ్ కానిచ్చే రక్షణ) ఆన్‌లో ఉంటే ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది, రీస్టార్ట్‌లో నీలం తెర రాగానే ఎన్‌రోల్ ఎంఓకే (Enroll MOK) ఎంచుకుని అదే పాస్‌వర్డ్ ఇవ్వాలి. కంగారులో కంటిన్యూ నొక్కేస్తే డ్రైవర్ ఉన్నా లోడ్ కాదు.