మొక్కల గుంత కొలత 45 నుంచి 60 సెంటీమీటర్లకు పెరిగితే కూలి రెట్టింపు దాటుతుందా?

దాటడమే న్యాయం, ఎందుకంటే గుంత కూలిని పక్క కొలతను బట్టి కాక, బయటికి తీయవలసిన మట్టి ఘనపరిమాణాన్ని బట్టి లెక్కించాలి. పొడవు, వెడల్పు, లోతు మూడూ ఒకేసారి పెరుగుతాయి కనుక, 45 సెంటీమీటర్ల గుంతలు వంద తవ్వితే సుమారు 9.1 ఘనమీటర్ల మట్టి వస్తే, 60 సెంటీమీటర్లవైతే 21.6 వస్తుంది; అంటే పని దాదాపు 2.4 రెట్లు. కొలత మూడో వంతే పెరిగింది గనుక కూలి కూడా మూడో వంతు పెంచితే చాలునని గుత్తేదారులు, తోట యజమానులు తరచుగా పొరబడతారు. పైగా దేవరకొండ, అచ్చంపేట వైపు చెలకల్లో పైన జానెడు ఎర్రమట్టి పారకు లొంగినా, చాలాచోట్ల కింద మొరం తగిలి గడ్డపారతో పెళ్లగించవలసి వస్తుంది. అడుగున అదనంగా తవ్వే ఆ 15 సెంటీమీటర్ల మొండితనం ఘనమీటర్ల లెక్కలో కనబడదు కాబట్టి, మొరం నేలకు రేటు విడిగా మాట్లాడుకోవాలి.