ఒక్కటే చదివితే ఇరుక్కుపోతుందా?

చెన్నై పెరియమేడు తోళ్ల మండీలో ఇరవై రెండేళ్లుగా లెక్కలు రాస్తున్న ఒక తండ్రి ఉత్తరం ఇది, కుదించి ఇస్తున్నాను: "మా అమ్మాయి బీకామ్ చివరి ఏడాది. కొట్టూర్‌పురంలోని మద్రాస్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో ఎంఏ చేసి ఎగుమతుల మీదే పనిచేస్తానంటోంది. ఒక్క సరుకునే నమ్ముకుని మునిగినవాళ్లను చూశానండీ. అన్నీ కలిసొచ్చే ఇంటర్నేషనల్ బిజినెస్ ఎంబీఏ మేలు కదా? రెండూ పోల్చి చెప్పండి."

పోలుస్తాను గానీ, ముందు ఒక మాట. మీ ఉత్తరంలో జీతం ప్రస్తావన మూడుసార్లు వచ్చింది. అమ్మాయికి ఏ పేపరంటే ఇష్టమో ఒక్కసారీ లేదు. ఆ ఎంబీఏ బ్రోషర్ జతచేయడం మాత్రం మరిచిపోలేదు!

మునిగినవాళ్ల సంగతి మీ మండీలో పాతవాళ్లనే అడగండి. 1990 ప్రాంతంలో జర్మనీ, పీసీపీ అనే బూజు మందు వాడిన తోలు వద్దంది. మందు మార్చి, పరీక్ష చేయించి, రిపోర్టు చేతపట్టుకున్నవాళ్లు అదే తోలు వ్యాపారంలో నిలిచారు. అడయార్‌లోని తోలు పరిశోధన సంస్థ సీఎల్‌ఆర్‌ఐ అప్పుడు వాళ్లకు దారి చూపింది. వాళ్లెవరూ తోలు మానేసి అగరొత్తుల్లోకి దిగలేదు కదా.

మీ భయం పూర్తిగా ఉత్తదనను. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకం 50 శాతం చేసేసరికి గోదావరి జిల్లాల్లో రొయ్య ధర పడిపోయింది. అమెరికా మీదే ఎక్కువగా ఆధారపడ్డందుకు వచ్చిన కష్టమది. సరుకు ఒకటే అయినా బజార్లు నాలుగు ఉండాలి. చదువుకూ ఈ లెక్కే.

ఇక ఆ ఎంబీఏ. మార్కెటింగ్ చిటికెడు, ఫైనాన్స్ చిటికెడు, చివర్లో ఒక దుబాయ్ ట్రిప్పు. విదేశీ వ్యాపార చదువుకు పేరున్న ఐఐఎఫ్‌టీలో సీటొస్తే నేనే పంపమంటాను. మీరు పంపిన బ్రోషర్ అలాంటి చోటుది కాదు. ఇలాంటి కోర్సులు చేసి నా దగ్గరికొచ్చిన పిల్లల్ని కస్టమ్స్‌కిచ్చే షిప్పింగ్ బిల్లులో హెచ్‌ఎస్ కోడ్, అదే సరుకు రకం చెప్పే అంకె, ఎందుకు వేస్తారని అడిగితే నేలచూపులు చూస్తారు. చివరికి క్రెడిట్ కార్డులు అమ్ముతుంటారు. దానికి లక్షల ఫీజెందుకు?

ఎంఏలో లెక్కలు గట్టిగా ఉంటాయి, అవంటే పడకపోతే వద్దు. చేసినవాళ్లందరూ ఎగుమతుల్లోకే వెళ్లరు. బ్యాంకులకూ, డేటా కంపెనీలకూ చాలామంది వెళ్తారు. మరి ఇరుక్కుపోయేదెక్కడ?

అసలు అమ్మాయి చదవబోయేది మీ ఖాతా పుస్తకమేనండీ. ఎగుమతి సరుకు నాణ్యతను ఆర్థికవేత్తలు ముందు అంచనా వేసేది ధరతోనే: చదరపు అడుగు తోలుకు ఇటలీ ఎంతిచ్చింది, ఇంకొకరు ఎంతిచ్చారు? ఎక్కువ పలికితే అది సరుకు గొప్పా, ఖర్చు ఎక్కువైందా అన్నదగ్గర వాళ్లలో వాళ్లకే తగువు. ఆ తగువు మీకు రోజూ ఉండేదే.

ఒక శనివారం అమ్మాయిని మండీకి తీసుకెళ్లి పాత ఇన్‌వాయిస్‌లు ముందు పెట్టండి. ప్రశ్నలడిగితే దరఖాస్తు నింపించండి. ఫోను చూసుకుంటూ కూర్చుంటే మళ్లీ రాయండి, అప్పుడు మీరడిగిన పోలిక తీరిగ్గా చేద్దాం.