మన తీరం గ్యాస్ మనకెందుకు రాదు?

ప్రశ్న: కాకినాడ అవతల సముద్రంలో గ్యాస్ తీస్తున్నారు. మా పక్కనున్న గ్యాస్ కరెంటు ప్లాంటు మాత్రం ఖాళీగా ఉంది. రాష్ట్రమే చట్టం చేసి ముందు మనకు ఇప్పించకూడదా?
– ఒక పాఠకుడు, సామర్లకోట

జవాబు: కుదరదండి. రాజ్యాంగం 297వ అధికరణ ప్రకారం సముద్రం అడుగున ఉన్న ఖనిజాలు కేంద్రానివి. గుజరాత్ 2001లో సొంతంగా గ్యాస్ చట్టం చేసుకుంది. అది చెల్లదని, సహజవాయువుపై చట్టం చేసే అధికారం పార్లమెంటుదేనని 2004లో సుప్రీంకోర్టు తేల్చేసింది. గ్యాస్ ఎవరికి, ఏ ధరకు అన్నది ప్రభుత్వ నిర్ణయమని, గ్యాస్ గురించి అన్నదమ్ములు తమలో తాము చేసుకున్న కుటుంబ ఒప్పందం దానికి అడ్డురాదని 2010లో అంబానీ సోదరుల కేసులో చెప్పింది.

కాకినాడ అవతల సముద్రంలోని కేజీ డీ6 అనే క్షేత్రం గ్యాస్ కేటాయింపులో అప్పట్లో ఎరువుల కర్మాగారాలది ముందు వరస, కరెంటుది ఆ తర్వాతే ఉండేది. 2013కల్లా ఉత్పత్తి బాగా పడిపోయి, కోత మా కరెంటు ప్లాంట్ల మీద పడింది. అప్పుడు నేను గోదావరి ఒడ్డున ఒక ప్లాంటులో షిఫ్ట్ ఇంజనీరుని. టర్బైన్ ఆగిన రాత్రి కంట్రోల్ రూములో ఏసీ చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఆ నిశ్శబ్దం తలచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

గ్యాస్‌తో తయారయ్యే యూరియా రైతుకు ముందంటే నేను కాదనను. గ్యాస్ ఖాయం కాకుండానే ప్లాంట్లు కట్టారు చూశారూ, అది మాత్రం పెద్ద తప్పు. విదేశీ ఎల్‌ఎన్‌జీ (ద్రవరూపంలో ఓడల్లో తెచ్చే సహజవాయువు) కొని నడుపుకోవచ్చు, చట్టం వద్దనదు. కాకపోతే ఆ ఖరీదుకు తయారయ్యే యూనిట్‌ను కొనేవాళ్లు అరుదు.