మళ్లీ మహమ్మారి వస్తే విశాఖ జిల్లాలో బడులు ఎలా తెరవాలి? 2020లో మేము పడిన పాట్లు

మీ ప్రశ్న చదివాను. జిల్లా విపత్తు ప్రణాళికలో పాఠశాలల అధ్యాయం రాసే పని మీకు అప్పగించారని, కోవిడ్ లాంటిది మళ్లీ వస్తే బడులు సురక్షితంగా తెరవడానికి గదికి ఎంతమంది, శానిటైజరు ఎన్ని లీటర్లు, మాస్కులు ఎన్ని అన్న లెక్కలు కావాలని రాశారు. లెక్కలు నా దగ్గర ఉన్నాయి, చెబుతాను. కానీ మేమూ సరిగ్గా ఆ లెక్కలతోనే మొదలుపెట్టి బోల్తా పడ్డాం కాబట్టి, ఆ కథ కూడా వినక తప్పదు.

అప్పట్లో నేను భీమిలికీ ఆనందపురానికీ మధ్య ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయుణ్ని. స్కూల్ కాంప్లెక్స్ కూడా నా నెత్తినే ఉండేది. చుట్టుపక్కల ప్రాథమిక బడుల తలనొప్పులన్నీ చివరకు నా బల్ల మీదికే చేరేవి. ఇప్పుడు పదవీ విరమణ చేసి మధురవాడలో ఉంటున్నాను.

జరిగిన వరుస ఒకసారి గుర్తుచేస్తాను. రాష్ట్రంలో బడులు 2020 మార్చి 19న మూతపడ్డాయి. నవంబరు 2న 9, 10 తరగతులతో తెరిచారు. రోజు విడిచి రోజు, అది కూడా మధ్యాహ్న భోజనం వరకే. 750 మంది దాటిన బడుల్లో ఒక్కో పిల్లవాడి వంతు మూడు రోజులకు ఒకసారి వచ్చేది. ఒకటి నుంచి ఐదు తరగతుల వాళ్లు 2021 ఫిబ్రవరి 1 దాకా బడి మొహం చూడలేదు. చూసిన మూడు నెలలు నిండకుండానే, ఏప్రిల్ 20న, 9వ తరగతి దాకా మళ్లీ మూశారు. ఆగస్టు 16న మళ్లీ తెరిచారు. పదో తరగతి పబ్లిక్ పరీక్షలు రెండేళ్లూ రద్దయ్యాయి.

ఇక గది లెక్క. మా తరగతి గది 20 అడుగులు వెడల్పు, 24 పొడవు. నల్లబల్ల దగ్గర ఐదడుగులు వదిలి, మా డ్రిల్లు మాస్టారు, నేను సుద్దముక్కతో నేల మీద ఆరేసి అడుగులకు గుర్తులు పెట్టుకుంటూ పోయాం. నాలుగు వరుసలు, వరుసకు నలుగురు, గదికి 16 మంది. గదులు 11. తొమ్మిదో తరగతిలో 94 మంది, పదిలో 81 మంది. రోజుకు ఒక తరగతే కాబట్టి ఆరు గదులు చాలు. (81లో ఆ చివరి ఒక్కరి కోసం ఆరో గది తాళం తీయాలి, అది వేరే సంగతి.) ఆ సాయంత్రం కాగితం మీద అంతా అమరిపోయింది. నివేదిక పంపించి హాయిగా ఇంటికి వెళ్లాను.

మర్నాడు హిందీ టీచరమ్మ వచ్చి, "గదులు ఆరు, నేను ఒక్కదాన్నే. అదే పాఠం ఆరుసార్లు చెప్పాలా సార్?" అని అడిగారు. అంతే, నా నివేదిక అక్కడికక్కడే కుప్పకూలింది. గదులున్నాయి, బల్లలున్నాయి, మనుషులు లేరు. విశాఖ ఉక్కపోతలో మాస్కు పెట్టుకుని మూడు గదులు తిరిగేసరికి గుడ్డ తడిసి మూతికి అంటుకుపోయేది, నాలుగో గదిలో గొంతు పలికేది కాదు. చివరకు రెండు జట్లను రావిచెట్టు కిందకి, రెండింటిని వరండాలోకి మార్చాం. ఆరుబయట ఒకే టీచరు 32 మందికి ఒకేసారి చెప్పవచ్చు, గాలికి కొదవ లేదు. వాన పడితే మళ్లీ గదులే గతి. అందుకని మీ ప్రణాళికలో గదుల పట్టిక కంటే ముందు సబ్జెక్టుల వారీగా టీచర్ల పట్టిక వేయండి. మా కాంప్లెక్స్‌లో ఏకోపాధ్యాయ బడులు కూడా ఉన్నాయి. అక్కడి టీచరుకు జ్వరం వస్తే ఆ బడి ఆ రోజు మూసినట్టే. బదులు ఎవరు వెళ్తారో ముందే పేరుతో సహా రాసి ఉంచాలి.

రెండో దెబ్బ గేటు దగ్గర తగిలింది. నవంబరు మొదటి వారంలో ఒక రోజు గేటు పక్కన నిలబడి చూస్తున్నాను. ఒక ఆటో వచ్చి ఆగింది. ముందు డ్రైవరుకు అటొకరు ఇటొకరు, వెనక సీటులో ఐదుగురు, వాళ్ల ఎదురుగా చెక్క మీద నలుగురు, మొత్తం 11 మంది. దిగారు. మా అటెండరు ఒక్కొక్కరి నుదుటికీ జ్వరం చూసే తుపాకీ గురిపెట్టాడు. అది అందరికీ 34 డిగ్రీలే చూపించింది. దాని లెక్కన మా పిల్లలంతా చలికి కొయ్యబారి ఉండాలి. తర్వాత చేతులు కడుక్కుని, ఆరడుగుల ఎడంలో సుద్దగుర్తుల మీద బుద్ధిగా నిలబడ్డారు. అరగంట పాటు ఒకరి ఒళ్లో ఒకరు కూర్చుని వచ్చిన పిల్లలు!

ఆటోకు ఐదుగురినే ఎక్కించుకోమని డ్రైవర్లను అడిగితే, అదనపు ట్రిప్పుల డబ్బులు ఎవరిస్తారని ఎదురడిగారు. వాళ్ల మాటా నిజమే. అప్పుడు తట్టిన ఉపాయం ఒక్కటే. దాన్ని మీ అధ్యాయంలో అన్నిటికంటే ముందు పెట్టమంటాను. ఎలాగూ కలిసి వచ్చే పిల్లల్ని విడదీయడం మన వల్ల కాదు కాబట్టి, వాళ్లను బడిలోనూ కలిపే ఉంచాం. ఎ సెక్షను, బి సెక్షను తీసేసి ఆటోల వారీగా, ఊళ్ల వారీగా జట్లు కట్టాం. ఒక ఆటో పిల్లలంతా ఒకే గదిలో, ఒకే కుళాయి దగ్గర, భోజనానికి ఒకే వరుసలో. డిసెంబరులో ఒక అమ్మాయికి పాజిటివ్ వస్తే మేము ఇంటికి పంపింది 13 మంది పిల్లల్ని, ఇద్దరు టీచర్లను. మిగతా బడి నడిచింది. అంతకు నెల ముందు, ఈ జట్లు లేనప్పుడు, ఒక్క టీచరుకు వస్తే ఎవరు ఎవరిని కలిశారో తేల్చలేక బడి మొత్తానికి తాళం వేశాం.

మూడోది కిటికీలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మా బడి తూర్పు వైపు కిటికీ రెక్కలన్నీ ఊడబెరికింది. తర్వాత మరమ్మతు పేరుతో ఎవరో అక్కడ రేకులు కొట్టేసి వెళ్లారు. ఆరేళ్లుగా ఆ గదుల్లో పగలే లైట్లు వేసుకుని చదువు చెబుతున్నా, అదొక లోపమని మాకెవరికీ తోచలేదు. 2020లో అందరి చూపూ తుడవడం మీదే ఉండేది. రోజూ సాయంత్రం క్రిములను చంపే సోడియం హైపోక్లోరైట్ ద్రావణం కొట్టించేవాళ్లం, బల్లల ఇనుప కాళ్లు తుప్పు పట్టాయి. ఈ వ్యాధి ముఖ్యంగా మూసిన గదుల్లో గాలి ద్వారా సోకుతుందన్నది మా దాకా రావడానికి చాలా కాలం పట్టింది. వచ్చాక ఒక ఆదివారం వడ్రంగిని పిలిచి ఆ రేకులు పీకించాం. సముద్రం మా బడికి తూర్పున ఉంది. మర్నాడు ఉదయం పాఠం మధ్యలో పిల్లల నోటు పుస్తకాల పేజీలు రెపరెపలాడుతుంటే లెక్కల మాస్టారు పాఠం ఆపి నవ్వారు. ఆ పనికి అయిన ఖర్చు మేము అప్పటికి శానిటైజరు మీద పెట్టిన దాంట్లో పదో వంతు కూడా లేదు. శానిటైజరు లీటర్లు అడిగారు కదా, నన్నడిగితే అది గేటు దగ్గర ఒక్క డబ్బా చాలు. చేతులకు సబ్బే మేలు. మా ఊరి జాలరి కుటుంబాల పిల్లలే పాత వల ముక్కల్లో సబ్బు బిళ్లలు కట్టి కుళాయిలకు వేలాడదీశారు. అలా కడితే సబ్బు జారదు, పోదు, నీళ్లలో నానిపోదు.

నీళ్ల విషయంలో మాకు ముందే భయం ఉంది. దానికి కారణం చెప్పాలి. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ అనే విష రసాయనం ఆవిరి ఊరి మీద పడింది మీకు గుర్తుండే ఉంటుంది. లాక్‌డౌన్‌లో వారాల తరబడి ఆగిపోయి, మళ్లీ నడవడానికి సిద్ధమవుతున్న కర్మాగారం అది. ఆ తర్వాత ఈ ఊళ్లో ఎవరైనా చాలా కాలం మూసిన తాళం తీయాలంటే ఒక క్షణం ఆలోచించేవాళ్లు. మా బడిలో అంత ప్రమాదం ఏముంటుంది గాని, ఏడు నెలలు నిలవున్న పైట్యాంకు మూత తీస్తే అడుగున నల్లటి బురద, దాని మీద రెండు చచ్చిన బల్లులు తేలాయి. మరుగుదొడ్ల పైపుల్లో రెండు రోజులు గోధుమరంగు నీళ్లే వచ్చాయి. మీటర్ల పెట్టెలో కందిరీగల గూడు. పిల్లలు రావడానికి పది రోజుల ముందు ఇవన్నీ చూసుకోవాలి, ముందు రోజు సాయంత్రం చూస్తే కుదరదు.

తల్లిదండ్రుల అంగీకార పత్రం గురించి కూడా ఒక మాట. ఒక జాలరి తల్లి ఆ కాగితం చదివించుకుని, "దీని మీద సంతకం పెడితే, రేపు పిల్లకు ఏమైనా అయితే తప్పు మాదే అవుతుందా మాస్టారూ?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే ఆ కాగితం ధోరణి అదే. ఆ రాత్రి దాని వెనక బడి ఏమేమి చేస్తుందో ఐదు వాక్యాలు రాసి, కింద నేనూ సంతకం పెట్టి జిరాక్స్ తీయించాను. పిల్లకు జ్వరం వస్తే ఎవరు ఫోన్ చేస్తారు, ఊరి ఆరోగ్య కార్యకర్త (ఏఎన్ఎం) ఎప్పుడు వస్తుంది, పరీక్ష ఎక్కడ చేయిస్తారు, ఇంట్లో ఉన్నన్నాళ్లు పాఠాలు ఎలా అందుతాయి, రాకపోతే పేరు కొట్టేయరు కదా... ఇలాంటివే. ఆ వారంలోనే సంతకాలు రెట్టింపయ్యాయి.

అయినా రాని వాళ్లున్నారు. వాళ్లెవరో మాకు నవంబరు కంటే ముందే తెలిసింది, అదీ అనుకోకుండా. అక్టోబరు 8 నుంచి విద్యాకానుక కిట్లు పంచాం. సంచి, బూట్లు, యూనిఫాం గుడ్డ, పుస్తకాలు ఉచితంగా ఇస్తుంటే కూడా 23 మంది పిల్లలు, వాళ్ల పెద్దలు ఎవరూ రాలేదు. ఆ 23 పేర్లు పట్టుకుని వలంటీర్లతో కలిసి ఇల్లిల్లూ తిరిగాం. కొందరు నాన్నలతో వేటకు వెళ్తున్నారు, ఇద్దరమ్మాయిలు రొయ్యల షెడ్డులో పని చేస్తున్నారు, ఒకమ్మాయికి వేసవిలోనే పెళ్లి చేసేశారు. 17 మందిని తీసుకురాగలిగాం. పెళ్లయిన అమ్మాయి మాత్రం రాలేదు. బడి మూసి ఉన్నప్పుడే బియ్యం, గుడ్లు, చిక్కీలు పంచేటప్పుడు ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అని రాసుకుని ఉంటే ఆ పెళ్లి సంగతి జూన్‌లోనే తెలిసేది.

తెరిచాక వచ్చే అంకెలకు బెదరకుండా ఉండటానికీ సిద్ధపడాలి. నవంబరు 2న తెరిస్తే, మూడు రోజులకల్లా రాష్ట్రంలో 262 మంది పిల్లలకు, సుమారు 160 మంది టీచర్లకు పాజిటివ్ అని పత్రికల్లో వచ్చింది. మర్నాడు మా బడికి సగం మంది రాలేదు. బడి తెరిచి మూడు రోజులే అయింది, కాబట్టి వాళ్లలో చాలామందికి బయటే సోకి ఉంటుంది. ఆ ముక్క మేము ముందే ఊళ్లో చెప్పి ఉంటే అంత బెదురు ఉండేది కాదు. తెరిచిన మొదటి వారంలో కేసులు బయటపడతాయని తల్లిదండ్రుల కమిటీ సమావేశంలో ముందుగానే చెప్పేయండి.

ఏ తరగతులు ముందు అన్నదానిలో నాకు అప్పటికీ ఇప్పటికీ అసంతృప్తే. పరీక్షలున్నాయని పెద్ద పిల్లలతో మొదలుపెట్టి కిందికి దిగాం. 2021 జూలైలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అప్పటి అధిపతి బలరాం భార్గవ, చిన్న పిల్లలు ఈ వైరస్‌ను బాగా తట్టుకుంటారు, తెరిస్తే ప్రాథమిక బడులు ముందు తెరవవచ్చు అని చెప్పారు. అప్పటికి మా రెండో తరగతి పిల్లలు అక్షరాలు మర్చిపోయారు. పదో తరగతి వాడు ఫోనులోనో, దూరదర్శన్ సప్తగిరిలోనో ఎంతో కొంత పాఠం పట్టుకోగలడు. ఆరేళ్ల పిల్లకు పలక పట్టించే మనిషి ఎదురుగా ఉండాలి. వచ్చేది వేరే వ్యాధి అయితే చిన్నపిల్లలకే ప్రమాదం కావచ్చు, అప్పుడు ఈ వరుస తిరగబడుతుంది. కాబట్టి వరుసను ముందే ఖాయం చేయకండి. రెండు వరుసలు రాసి పెట్టుకోండి.

చివరగా, మూసే నిర్ణయం ఎవరిది? ఈ ఒక్క ప్రశ్నకు మా దగ్గర రాతపూర్వకమైన జవాబు లేక, 2021 ఏప్రిల్‌లో ఆదేశం కోసం చూస్తూ పది రోజులు గడిపాం. ఊళ్లో ప్రతి వీధిలో దగ్గులు వినిపిస్తున్నా బడి నడిచింది. ఆ నెలలోనే మా మండలంలో ఒక సహోపాధ్యాయుణ్ని పోగొట్టుకున్నాం. జట్టును ఇంటికి పంపడం ప్రధానోపాధ్యాయుడి చేతిలో, బడిని మూయడం మండల విద్యాశాఖాధికారి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) డాక్టరు కలిసి, అదీ ఆ రోజే తేల్చేలా ఉండాలి. జిల్లా మొత్తం ఒకే రోజు మూసి ఒకే రోజు తెరవడంలో అర్థం లేదు. అప్పటి ఉమ్మడి జిల్లాలో గాజువాక ఒకటి, పాడేరు మన్యంలో గుట్ట మీది ఏకోపాధ్యాయ బడి మరొకటి. ఆ గుట్ట మీద వ్యాధీ లేదు, ఫోను సిగ్నలూ లేదు. అయినా గాజువాకతో పాటే నెలల తరబడి ఆ బడికీ తాళం పడింది.

మా ఆటో జట్ల పట్టిక, అంగీకార పత్రం వెనక రాసిన ఐదు వాక్యాలు నా పాత డైరీలో ఉన్నాయి. కావాలంటే ఇక్కడే అడగండి, టైపు చేసి పెడతాను. చేతిరాత మాత్రం నాకే సరిగా అర్థం కావడం లేదు, ఒకటి రెండు రోజులు పడుతుంది.